ఉగాది భోజనం: పద్నాలుగు ఆకులు, పన్నెండు మూరల బల్ల

మార్చి 9, 2025, ఆదివారం

ఈసారి ఉగాది భోజనాలు మా ఇంట్లోనే అని పోయిన వారం ఫోనులో నేనే అనేశాను. అన్న తర్వాత తలలు లెక్కపెట్టాను. మేం నలుగురం, అత్తయ్య, మామయ్య, మా అమ్మ, తమ్ముడి ఇంటి నుంచి నలుగురు, వదిన (మా వారి అక్క) వాళ్ళు ముగ్గురు. మొత్తం పద్నాలుగు మంది. మా భోజనాల బల్ల ఆరుగురికి సరిపోతుందని కొన్నప్పుడు చెప్పారు. ఒక వైపు గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి నిజానికి ఐదుగురికే.

పండగ 30న, ఆదివారం. మర్నాడు క్యాలెండరులో రంజాన్ సెలవు. కాబట్టి తినగానే బస్సు పట్టుకోవాలని ఎవరూ తొందరపడరు. రాజమహేంద్రవరంలో మార్చి ఆఖరి మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. డాబా మీద పెడదామన్న మా వారి ఆలోచన అక్కడే ఆగిపోయింది.

నేల మీద చాపలు పరిస్తే అన్నీ సుఖమే, కానీ అమ్మకు మోకాళ్ళు, మామయ్యకు నడుము. వాళ్ళిద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి మిగిలినవాళ్ళం కింద కూర్చోవడం నాకు నచ్చలేదు. పండగ పూట అందరి ఆకులూ ఒకే ఎత్తులో ఉండాలి. కనుక బల్లలే.

నాకు నేను పెట్టుకున్న షరతులు: వంటంతా ఇంట్లోనే. అరిటాకుల్లోనే భోజనం. బల్ల అలంకరణకు 400 రూపాయలు దాటకూడదు. మర్నాడు చెత్తబుట్టలో పడేసే ప్లాస్టిక్ వస్తువు ఒక్కటీ కొనకూడదు. అటక మీద ప్లాస్టిక్ బంతిపూల తోరణాలున్న డబ్బా ఒకటి ఉంది. దాన్ని దించను.

మార్చి 12, బుధవారం

ఇవాళ టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాను. హాలూ, భోజనాల చోటూ కలిపి 22 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. సోఫాను పడకగదిలోకి నెట్టాలి.

షామియానా సామాను అద్దెకిచ్చే షాపులో బల్లలు చూసి వచ్చాను. ఒక్కొక్కటి 6 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. కల్యాణ మండపాల్లో వాడేవి ఇవే. ఒకవైపే కూర్చుంటారు, ఎదురుగా వడ్డించేవాళ్ళు నడుస్తారు. అలా అయితే పద్నాలుగు మందికి 28 అడుగులు కావాలి, మా హాలు చాలదు. అందుకని రెండేసి బల్లలు కలిపి మూడు జతలుగా వేస్తే 18 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు వస్తుంది. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, మనిషికి రెండున్నర అడుగులు.

అసలు చిక్కు వెడల్పులో ఉంది. బల్ల 36 అంగుళాలు. అరిటాకు వెడల్పు పన్నెండు. ఎదురెదురుగా రెండు ఆకులంటే ఇరవై నాలుగు. అంచున అంగుళం చొప్పున వదిలితే మధ్యలో పది మిగులుతాయి. అందులో మంచినీళ్ళ గ్లాసులు అటూ ఇటూ మూడేసి అంగుళాలు తింటాయి. నా అలంకరణకు దక్కింది నాలుగంగుళాలు. నా అరచేయి అడ్డంగా పెడితే నిండిపోతుంది.

పూల కుండీలు, ఇత్తడి ఉరుళిలో నీళ్ళు పోసి రేకులు తేలవేయడం అని ఏవేవో ఊహించుకున్నాను. అన్నీ కొట్టేశాను. ఎదుటి మనిషి ముఖం కనిపించకుండా అడ్డొచ్చే పువ్వు ఎంత అందంగా ఉన్నా తినే చోట పనికిరాదు.

మార్చి 16, ఆదివారం

బొబ్బట్ల ప్రయోగం. పావుకిలో పచ్చిశనగపప్పు, పావుకిలో అనకాపల్లి బెల్లం. బద్ధకించి పప్పును కుక్కరులో పెట్టి మూడు కూతలు రానిచ్చాను. మెత్తటి ముద్దయిపోయింది. బెల్లం వేశాక ఇంకా జారి, పూర్ణం ఉండ కట్టకుండా చేతికి అంటుకుంది. అరగంట సేపు బాణలిలో తిప్పి తిప్పి గట్టిపరిచేసరికి భుజం పోయింది.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ, "పప్పు వేలితో నొక్కితే నలగాలి, గరిటె తగిలితే కాదు" అన్నారు. ముందే చెప్పి ఉంటే బాగుండేది. అడగలేదుగా అంటారు, నిజమే.

రెండోసారి గిన్నెలోనే ఉడికించి, పలుకు విరిగే దశలో నీళ్ళు వార్చేశాను. బెల్లం కలిపితే అప్పుడు దారిలో పడింది. వార్చిన నీళ్ళు పారబోయలేదు. కాస్త పూర్ణం, చింతపండు, మిరియాలు, ఇంగువ పోపు వేసి చారు పెడితే మా వారు అన్నం మానేసి గ్లాసులో పోసుకుని తాగారు. ఉగాదికి వేరే చారు పెట్టనక్కర్లేదు, ఇదే.

తోపుపిండి మైదాతో ఒకసారి, సగం గోధుమపిండితో ఒకసారి చేశాను. సగం గోధుమపిండిదే రుచి. కానీ నూనె పోసి కనీసం రెండు గంటలు నానకపోతే అంచులు చిరుగుతాయి. పావుకిలో పప్పుకు పదమూడు వచ్చాయి. ముప్పావుకిలోకు ముప్పై తొమ్మిది అనుకుంటే మనిషికి రెండేసి, మిగిలినవి ఇరుగుపొరుగుకు.

వంటకాల జాబితా రాస్తే పదిహేను తేలాయి. పొయ్యికి ఉన్నవి రెండు మంటలు, పక్కన ఒక ఇండక్షన్ పొయ్యి. వదినకు ఫోను చేసి చదివి వినిపిస్తే, "ఎవరి పెళ్ళి?" అని అడిగింది. కొట్టివేతల తర్వాత మిగిలినవి: ఉగాది పచ్చడి, బొబ్బట్లు, మామిడికాయ పులిహోర, గారెలు, కందిపప్పు, పనసపొట్టు కూర, అరటికాయ వేపుడు, దోసకాయ పచ్చడి, పూర్ణం చారు, పెరుగు. వడియాలు అమ్మ తెస్తుంది. గారెలు కూడా తీసేద్దామనుకున్నాను. "పండగనాడు గారె లేకుండా ఆకు వేస్తారా?" అని అత్తయ్య అడిగిన తీరుకు మళ్ళీ చేర్చాను.

మార్చి 20, గురువారం

బల్ల మీద పరిచే గుడ్డ గురించి రెండు రోజులు నడిచింది. అద్దె బల్లల రేకు గీతలు పడి, తుప్పు పట్టి ఉంది. ఏదో ఒకటి కప్పాలి. కొత్త గుడ్డ కొంటే 400 అందులోనే అయిపోతుంది. అమ్మ పాత మంగళగిరి నూలు చీర గుర్తొచ్చింది. చీర ఐదున్నర మీటర్లు, బల్ల 18 అడుగులు. అంటే అదీ ఐదున్నర మీటర్లే. ఇంతకంటే ఏం కావాలని సంబరపడి అమ్మకు ఫోను చేశాను.

"కట్టి విడిచిన చీర మీద అన్నం పెడతావా?"

ఉతికినదే కదా అన్నాను. ఉతికినా కట్టినదే అంది. వాదించవచ్చు, కానీ ఆవిడ ఆ బల్ల దగ్గరే కూర్చుని తినాలి.

దారి చూపినది మామయ్య. ఎవరి పెళ్ళిలోనో పెట్టిన పంచెల చాపు బీరువాలో మడత విప్పకుండా ఉంది. ఎనిమిది మూరల పంచె, నాలుగు మూరల కండువా. పన్నెండు మూరలు. మూర అంటే అడుగున్నర కదా, పన్నెండు మూరలంటే సరిగ్గా 18 అడుగులు! తెల్లటి నూలు మీద రెండు వైపులా సన్నటి జరీ అంచు, బల్లకు అటూ ఇటూ వేలాడుతుంది. పరిచి చూస్తే కండువా వెడల్పు రెండంగుళాలు తక్కువ. పిల్లలు కూర్చునే కొసకు అది వేస్తాను. వాళ్ళు కొలవరు.

"మరకలు పడితే?" అన్నాను.

"పడితే ఏమైంది, నేను కట్టుకుంటాను" అన్నారు మామయ్య.

మార్చి 23, ఆదివారం

నమూనా భోజనం. మా బల్ల మీదే నాలుగు ఆకులు వేసి కూర్చున్నాం. నేర్చుకున్నవి చాలా ఉన్నాయి.

ఆకు బల్ల మీద నిలవదు. నేల మీద వేసినప్పుడు పట్టించుకోం గాని, నడిమి ఈనె వెనకవైపు లావుగా ఉండి ఆకు ఊగుతుంది. పప్పు వడ్డించగానే నెయ్యి ఒకవైపుకు జారింది. ఈనెను వెనకనుంచి చాకుతో పల్చగా చెక్కేస్తే బల్లకు అతుక్కుని కూర్చుంది. చెక్కేటప్పుడు చేయి జారితే ఆకు చీలుతుంది. నాలుగులో ఒకటి చీల్చాను, కాబట్టి పద్నాలుగుకు పద్దెనిమిది కొనాలి. తాజా ఆకు మడతపడితే పుటుక్కున చిరుగుతుంది. పొయ్యి మంట మీద దూరంగా ఒకసారి అటూ ఇటూ ఆడిస్తే మెత్తబడి నిగనిగలాడుతుంది.

ప్రమిదలు వెలిగించి మధ్యలో పెట్టాను. ఫ్యాను వేశాక ఒక్కటీ నిలవలేదు. ఫ్యాను ఆపితే దీపాలు నిలిచాయి, మనుషులు నిలవలేదు. ప్రమిదలు రద్దు. వెలుగుతున్న దీపం మీదుగా చేయి చాచి వడ్డించడం కూడా తెలివైన పని కాదు.

మల్లెపూల కాలం మొదలైంది కదా అని ఒక మూర తెచ్చి గ్లాసుల మధ్య పరిచాను. చూడడానికి ఎంతో బాగుంది. కానీ ఇంగువ పోపు వాసన, మల్లెల వాసన కలిసి ముక్కుకు ఏదీ సరిగా అందలేదు. మల్లెలు జడలోకే. బంతిపూలకు ఆ పేచీ లేదు, పైగా రేకు రాలదు.

పులిహోరకు కలెక్టరు కాయ వాడాను. చప్పగా ఉంది, నిమ్మకాయ పిండి గట్టెక్కించాను. పండక్కి నాటు పుల్లకాయే తేవాలి. ముందు ఒక ముక్క కొరికి చూసి మరీ తురమాలి.

మధ్యలోని నాలుగంగుళాలకు చివరికి పరిష్కారం దొరికింది. బల్ల పొడవునా ఒకే ఒక బంతిపూల దండ, దాని పక్కన అక్కడక్కడ ఆకుతో సహా కోసిన పచ్చి మామిడికాయలు, పసుపుపచ్చ నిమ్మకాయలు. పండగ అయ్యాక కాయలన్నీ పప్పులోకీ పచ్చడిలోకీ వెళ్ళిపోతాయి. అందుకని వాటి ఖర్చు అలంకరణ పద్దులో రాయను, కిరాణా పద్దులో రాస్తాను. మా వారు దీన్ని దొంగలెక్క అంటున్నారు.

మార్చి 27, గురువారం

మట్టి కప్పులు కొన్నాను. పదహారు, ఒక్కొక్కటి 8 రూపాయలు. ఉగాది పచ్చడి వీటిలోనే. ప్రయోగానికి ఒక కప్పులో చింతపండు నీళ్ళు పోస్తే పావుగంటలో సగం పీల్చేసుకుంది. మిగిలిన సగానికి మట్టి వాసన. ఇవాళ కడిగి బకెట్టులో ముంచాను, రేపటి వరకూ నీళ్ళలోనే ఉంచుతాను. బుడగలు రావడం మానేస్తే నానినట్టు.

వీధి చివరి వేపచెట్టు విరగబూసింది. పొద్దున్నే వెళ్ళి రెండు రెమ్మలు విరుచుకొచ్చాను. పువ్వును అరచేతుల మధ్య నలిపి, చాటలో చెరిగితే కాడలు వేరవుతాయి. ఎక్కువ నలిపితే చేదు ఎక్కువవుతుంది, పిల్లలు కప్పు ముట్టుకోరు.

పచ్చడి ఎలా చేయాలన్నది ఇంట్లో పాత తగవు. వదినను ఇచ్చింది వరంగల్లు. అక్కడ నీళ్ళలా పలచగా చేసి గ్లాసుతో తాగుతారు. మా వైపు చెంచాతో తినేలా చిక్కగా ఉంటుంది. వదినకు పలచనిదే అలవాటైపోయింది. ఒకటే కలిపి, రెండు కప్పుల్లో నీళ్ళు పోస్తే సరిపోతుంది కదా అన్నాను. "అది వేరే, ఇది వేరే" అంది. సరే, రెండు గిన్నెలు.

మార్చి 29, శనివారం, కొత్త అమావాస్య

పొద్దున్న ఆరింటికే కడియపులంక పూల మార్కెట్టుకు వెళ్ళాం. పండగ ముందురోజు కదా, బండి పెట్టడానికే చోటు లేదు. బంతి కిలోన్నర 90 రూపాయలు. నారింజ రంగువి కిలో, పసుపువి అరకిలో. మొగ్గలా బిగుతుగా ఉన్నవి ఏరుకున్నాను, పూర్తిగా విచ్చుకున్నవి రేపటికి వాడిపోతాయి. తడి గోనె మీద పరిచి పైన తడిగుడ్డ కప్పాను. ప్లాస్టిక్ సంచిలో మూటకడితే చెమర్చి కుళ్ళుతాయి.

ఆకులు రావులపాలెం వైపు తోటలవి. ఒక్కొక్కటి 7 రూపాయలు, పద్దెనిమిది. మామిడాకులు అపార్టుమెంటు చెట్టువే. పనసపొట్టు బజారులో కొట్టించుకొచ్చాను. ఇంట్లో పనసకాయ కొట్టి, ఆ జిగురు కత్తికీ చేతికీ పూసుకునే ఓపిక నాకు లేదు.

మధ్యాహ్నం బొబ్బట్లు. తమ్ముడు, మరదలు వచ్చేశారు. మరదలు ఉండలు చేసి తట్టింది, నేను పెనం దగ్గర. ముప్పై ఏడు వచ్చాయి. రెండు ఉండలు తమ్ముడి నోట్లోకి వెళ్ళాయని నా అనుమానం.

సాయంత్రం మా అమ్మాయి తన పని మొదలుపెట్టింది. ఆరిన మట్టి కప్పుల మీద అగ్గిపుల్లతో సున్నం అద్ది పేర్లు రాయడం, ఎవరి కప్పు ఉన్నచోట వాళ్ళు కూర్చోవడం. ఈ ఆలోచన నాది కాదు, దానిదే. తన వరుస ప్రకారం రాసుకుంటూ పోయింది: అమ్మమ్మ, నానమ్మ, తాతయ్య. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి చూస్తే రెండు 'అత్త' కప్పులు, రెండు 'మామయ్య' కప్పులు. నాన్న అక్కా అత్తే, మా తమ్ముడి భార్యా అత్తే. తమ్ముడూ మామయ్యే, మా వదిన భర్తా మామయ్యే. పేర్లు రాయమంటే, పెద్దవాళ్ళని పేరు పెట్టి ఎలా రాస్తానంది. చివరికి 'వరంగల్లు అత్త', 'కాకినాడ అత్త' అని తేల్చింది. కప్పు చుట్టూ తిప్పి రాయాల్సి వచ్చింది. మామయ్యల సంగతి మర్చిపోయింది.

రాత్రి పదకొండు వరకూ దండ కట్టాం. 18 అడుగులకు కిలో పువ్వులు పట్టాయి, మిగిలినవి గుమ్మానికి.

మార్చి 30, ఆదివారం, విశ్వావసు నామ సంవత్సర ఉగాది

లేచింది నాలుగున్నరకు. మినప్పప్పు అరకిలో రుబ్బడం, పులిహోరకు అన్నం వార్చి పళ్ళెంలో ఆరబోయడం, పనసపొట్టు ఉడికించడం ఎనిమిదికల్లా అయ్యాయి. ఆవపిండి మాత్రం కూర దించి చల్లారాకే కలిపాను. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. ఒకసారి అలా పాడుచేసినదాన్నే.

తొమ్మిదికి పచ్చడి. మామయ్య టీవీలో పంచాంగ శ్రవణం వింటూ, మా అందరి రాశుల ఆదాయ వ్యయాలు హాల్లోంచి వంటింట్లోకి కేకేసి చెప్పారు. నాకు వ్యయమే ఎక్కువట. పద్దు పుస్తకం ఆయన చూడలేదు.

పదకొండింటికి బల్లలు వేసి, పంచె పరిచి, దండ పెట్టాం. తెలుపు మీద నారింజ, మధ్యలో పచ్చి మామిడికాయలు, కొస ఎడమవైపుకు వచ్చేలా పద్నాలుగు ఆకులు, ఒక్కో ఆకు తలదగ్గర ఒక మట్టి కప్పు. అత్తయ్య వచ్చి ఒక క్షణం నిలబడి, వంగి ఒక ఆకు సర్దారు. అది ముందే సరిగా ఉంది. ఆవిడ మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

కూర్చోబోయే ముందు తేలింది, వడ్డించేదెవరో నేను అనుకోలేదని. ఇరవై రోజులుగా అంగుళాలు కొలిచాను గాని, పద్నాలుగు మందీ కూర్చుంటే గరిటె పట్టేవాళ్ళు ఉండరని తోచలేదు! కుర్చీల వెనక అడుగున్నర సందు కూడా ముందే లెక్కవేశాను, ఆ సందులో నడిచేదెవరో తప్ప. చివరికి నేనూ తమ్ముడూ లేచాం. అందరం ఒకే బంతిలో తినాలన్నది నా కోరిక. "నువ్వు నిలబడి ఉంటే నాకు ముద్ద దిగదు" అని అమ్మ రెండుసార్లు అంది గాని, బాగానే దిగింది.

భుజం మీదుగా వడ్డించడం కష్టమే. చారు దగ్గర తమ్ముడి చేయి వణికింది. పప్పు ఒక గరిటెడు ఆకుకూ కప్పుకూ మధ్య పంచె మీద పడింది, అదీ సరిగ్గా మామయ్య ముందే. ఆయన దాని మీద గ్లాసు పెట్టి కప్పేశారు.

గారెలు మరదలు వేడివేడిగా వేసి వచ్చి కూర్చుంది. పనసపొట్టు మొదట అయిపోయింది. అరటికాయ వేపుడు సగం మిగిలింది, అది లేకపోయినా నడిచేది. వదిన తన పలచటి పచ్చడి తాగి, ఎవరూ చూడడం లేదనుకుని మా చిక్కటిది కూడా చెంచాతో తింది.

రెండున్నరకు నేనూ తమ్ముడూ కండువా పరిచిన కొసన కూర్చున్నాం. వదిన వడ్డించింది. మిగిలిన మట్టి కప్పుల్లో ఒకటి తమ్ముడి ముందు పెట్టింది, దాని మీద 'మామయ్య' అని ఉంది. వాడిది ఇదేనా, వదిన భర్త అన్నయ్యగారు తాగింది వాడిదా అన్నది ఎవరికీ తెలియదు. దండ వాడింది గాని రంగు పోలేదు. బొబ్బట్లు రెండే మిగిలాయి, ఒకటి విరిగింది. విరిగినది వాడికి పెట్టాను, వాడు చూడకుండా మార్చేశాడు.

మార్చి 31, సోమవారం

పద్దు. బంతిపూలు 90, ఆకులు 126, మట్టి కప్పులు 128, దారం 20, సున్నం 10. మొత్తం 374 రూపాయలు. బల్లల అద్దె ఆరింటికీ 300, ఆటో 100 వేరే పద్దు. మామిడికాయల్లో రెండు ఇవాళ పప్పులో పడ్డాయి. నిమ్మకాయలు అమ్మ సంచిలో వెళ్ళాయి. పూలూ ఆకులూ కింద మొక్కల పాదుల్లో వేశాను.

ముందే పక్కన పెట్టిన నాలుగు బొబ్బట్లు నిన్న సాయంత్రమే కింది అంతస్తు వాళ్ళకు పంపాను. పండగ పూట గిన్నె ఖాళీగా తిరిగి రాదు కదా, ఇవాళ షీర్ ఖుర్మాతో వచ్చింది.

పంచె మీద పప్పు మరకకు సబ్బు రుద్దితే పసుపు కాస్తా ఎర్రబడింది. గుండె జారింది. సున్నం, పసుపు కలిస్తే పారాణి ఎర్రబడేది ఇలాగే కదా. బాగా జాడిస్తే ఎరుపు పోయి మళ్ళీ పసుపైంది. తడిగానే ఎండలో ఆరేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

పంచె మూడు ఎండలు తిన్నది. వెతికితే తప్ప దొరకనంత లేత పసుపు మిగిలింది. ఇవాళ శ్రీరామనవమి. మామయ్య ఆ పంచే కట్టుకుని, కండువా వేసుకుని గుడికి బయలుదేరారు. మరక కుచ్చిళ్ళలోకి వెళ్ళిపోయింది.